బైల్ డక్ట్ క్యాన్సర్‌కి ఇమ్యునో ట్రయల్ ఉందన్నారా? సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి

"ఒక ట్రయల్ ఉంది, ఇమ్యునోథెరపీ కాంబినేషన్, ఇంట్లో మాట్లాడుకుని రెండు రోజుల్లో చెప్పండి" అని డాక్టర్ అన్న సాయంత్రం బైల్ డక్ట్ క్యాన్సర్ వచ్చిన మా బాబాయి ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. (ఇమ్యునోథెరపీ అంటే మన ఒంట్లోని రక్షణ కణాలతోనే క్యాన్సర్‌ని కొట్టించే వైద్యం, కాంబినేషన్ అంటే దానికి ఇంకో మందు కలపడం.) ఒక పార్టీది "మనిషి మీద ప్రయోగాలు చేస్తారంట, వద్దే వద్దు" అనే మాట. రెండో పార్టీది "లక్షల మందు ఊరికే ఇస్తామంటుంటే వద్దంటారేంటి" అనే మాట. అసలు ఆ ట్రయల్‌లో దేన్ని దేనితో పోల్చి చూస్తున్నారు అని ఒక్కరూ అడగలేదు, నేను కూడా. ఆ తర్వాత చాలా నెలలు ఈ జబ్బు మీద వచ్చిన ట్రయల్ ఫలితాలు చదువుతూ కూర్చున్నాక తెలిసింది, అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని. నేను డాక్టర్‌ని కాదు. ఏ మందు వాడాలో చెప్పను. ట్రయల్ కాగితం చేతికొచ్చినప్పుడు దాన్ని ఎలా చదవాలి, ఏం అడగాలి అన్నంతవరకే ఇది.

ముందు జబ్బు ఎక్కడ పుట్టిందో రాసి పెట్టుకోండి. కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి తెచ్చే గొట్టాల్లో పుట్టేదే బైల్ డక్ట్ క్యాన్సర్. కాలేయం లోపలి సన్నగొట్టాల్లో పుట్టొచ్చు, కుడి ఎడమ గొట్టాలు కాలేయం బయటికొచ్చి కలిసేచోట పుట్టొచ్చు, ఇంకా కిందికి పేగు దగ్గర పుట్టొచ్చు. పిత్తాశయం క్యాన్సర్‌ని కూడా చాలా ట్రయల్స్‌లో వీటితోనే కలిపేస్తారు. అన్నీ ఒకే గాటన కట్టినా అన్నీ ఒకేలా ప్రవర్తించవు. ఆస్ట్రేలియాలో ఈ జాతి క్యాన్సర్లున్న 39 మందికి నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునో మందులు కలిపి ఇచ్చారు, 2020లో ఫలితాలు వచ్చాయి. 23% మందిలో గడ్డలు బాగా తగ్గాయి, కానీ అలా తగ్గినవాళ్లందరివీ కాలేయం లోపలి గొట్టాల క్యాన్సర్లో, పిత్తాశయం క్యాన్సర్లో. బయటి గొట్టాల క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఒక్కరికీ అలా తగ్గలేదు. 39 మందిని చూసి తీర్పు చెప్పేయలేం గానీ "మా పేషెంట్ రకం వాళ్లు ఈ మందుతో ఇంతకుముందు జరిగిన ట్రయల్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఏమైంది" అని అడగడానికి ఇది చాలు.

రెండోది, జీన్ టెస్ట్ రిపోర్టు. ట్రయల్ గురించి ఆలోచించేముందే ఇది చేతిలో ఉండాలి, ఎందుకంటే కొందరికి ఇమ్యునో కాంబినేషన్ కంటే సూటి దారి వేరే ఉంటుంది. కాలేయం లోపలి రకంలో సుమారు పదిమందిలో ఒకరికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జీన్‌లో అతుకు మార్పు కనిపిస్తుంది, దానికి పెమిగాటినిబ్ అనే మాత్రకి అమెరికాలో 2020లోనే అనుమతి వచ్చింది. ఐడీహెచ్1 మార్పు ఉంటే ఐవోసిడెనిబ్, 2021. హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువుంటే దానికి వేరే మందులు. ఇవి ఎక్కువగా మొదటి కీమో పని చేయడం మానేశాక ఇచ్చేవి, అయినా ముందే తెలిసుంటే తర్వాతి అడుగు తడుముకోనక్కర్లేదు. ఇక ఎంఎస్ఐ-హై (కణాలు తమ డీఎన్ఏలో తప్పులు సరిదిద్దుకోలేకపోతున్నాయని గుర్తు) అని రిపోర్టులో ఉంటే, అది చాలా అరుదు, కానీ ఉంటే మాత్రం ఇమ్యునో మందు ఒక్కటే గట్టిగా పని చేసే అవకాశం ఉంది కాబట్టి ఆ సంగతి తేల్చుకోకుండా మరే ట్రయల్‌కీ ఊ కొట్టొద్దు. చిక్కేమిటంటే ఈ జబ్బులో ముక్క సరిగ్గా దొరకదు. ఈఆర్‌సీపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి పైత్యరసం గొట్టాన్ని చూడటం) చేసేటప్పుడు బ్రష్‌తో గీకి తీసిన కణాలు క్యాన్సర్ అని చెప్పడానికి సరిపోతాయేమో గానీ జీన్ టెస్ట్‌కి చాలకపోవచ్చు. బయాప్సీ బ్లాక్ (గడ్డ నుంచి తీసిన ముక్కని మైనంలో దాచిన దిమ్మ) ఏ ల్యాబ్‌లో ఉంది, ఇంకా ఎంత మిగిలింది, మిగల్లేదంటే రక్తంతో చేసే జీన్ టెస్ట్ కుదురుతుందా, ఈ మూడూ అడిగి ఫైల్ అట్ట మీదే రాసుకోండి. ట్రయల్ వాళ్లు కూడా మొదట అడిగేది ఆ బ్లాకే.

ఇప్పుడు అసలు విషయం. కొత్త కాంబినేషన్ మంచిదా కాదా అనేది దాన్ని దేని పక్కన నిలబెట్టి చూస్తున్నారు అన్నదాన్ని బట్టే తేలుతుంది. అందుకని ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే వైద్యం ఏమిటో, అది ఇక్కడికి ఎలా వచ్చిందో తెలియాలి. బ్రిటన్‌లో 410 మందితో జరిగిన ఏబీసీ-02 అనే ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. జెమ్‌సిటాబిన్ అనే కీమో మందు ఒక్కటే ఇచ్చినవాళ్లలో సగం మంది 8.1 నెలలు దాటి బతికితే, దానికి సిస్‌ప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కలిపి ఇచ్చినవాళ్లలో సగం మంది 11.7 నెలలు దాటారు. అప్పట్నుంచి పదేళ్లకు పైగా ఆ జెమ్-సిస్ జంటే ప్రపంచమంతా మొదటి వైద్యం. 2022లో టోపాజ్-1 అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి: 685 మంది, అందరికీ జెమ్-సిస్, సగం మందికి దానితో పాటు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునో మందు, మిగతా సగానికి డమ్మీ, అంటే మందులేని ఉత్త సెలైన్ లాంటిది. 2023లో కీనోట్-966 వచ్చింది: 1069 మంది, ఇదే పద్ధతి, మందు పెంబ్రోలిజుమాబ్. రెండూ గెలిచాయి. కాబట్టి ఈరోజు పుస్తకం ప్రకారం మొదటి వైద్యం అంటే జెమ్-సిస్‌తో పాటు ఈ రెండిట్లో ఒక ఇమ్యునో మందు. ఖరీదు వల్ల మన దగ్గర చాలామందికి ఇప్పటికీ కీమో ఒక్కటే అందుతోంది, అది వేరే బాధ.

అంటే ఎవరైనా మొదటి వైద్యంగా కొత్త కాంబినేషన్ ట్రయల్ చెప్తే, "కొత్త మందు రాని గుంపుకి ఏమిస్తారు?" అని అడగండి. "కీమోతో పాటు డుర్వాలుమాబ్ గానీ పెంబ్రోలిజుమాబ్ గానీ ఇస్తాం" అంటే ఓడిపోయే పక్షంలో పడ్డా మీకు మంచి వైద్యమే అందినట్టు. "కీమో ఒక్కటే" అంటే ఎందుకని అడగాలి. దానికి సరైన జవాబు ఉండొచ్చు, ఆ జవాబు మీకు మాత్రం వినిపించాలి. డమ్మీ అనగానే ఉలిక్కిపడకండి. టోపాజ్-1లో డమ్మీ పడ్డవాళ్లకి కూడా పూర్తి కీమో అందింది, సెలైన్ బాటిల్ చూపించి వైద్యం ఎగ్గొట్టింది ఎవరికీ లేదు.

అంకెల దగ్గరికి వద్దాం, ఎక్కువమంది తప్పు చదివేది ఇక్కడే. టోపాజ్-1లో సగటు లాంటి లెక్క, అంటే గుంపులో సగం మంది దాటిన కాలం, ఇమ్యునో కలిపిన వైపు 12.8 నెలలు, కలపని వైపు 11.5. కీనోట్-966లో 12.7, 10.9. మా బాబాయి కొడుకు ఇది చూసి "ఇంతా చేసి నెలన్నరా అన్నయ్యా, దీనికా ఇంత హడావిడి" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ అదే టోపాజ్-1లో రెండేళ్ల గీత దగ్గర నిలబడి చూడండి: ఇమ్యునో వైపు 24.9% మంది బతికున్నారు, డమ్మీ వైపు 10.4%. మూడేళ్ల దగ్గర 14.6%, 6.9%. గ్రాఫ్ చూస్తే మొదటి ఆరు నెలలూ రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి, ఆ తర్వాత విడిపోతాయి. అంటే ఈ మందు అందరికీ తలా నెలన్నర పంచిపెట్టడం లేదు. చాలామందికి ఏమీ చేయడం లేదు, కొద్దిమందికి చాలా ఎక్కువ చేస్తోంది, ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పే టెస్ట్ మాత్రం ఈ జబ్బులో ఇంకా సరిగ్గా లేదు. అందుకని ఇమ్యునో ట్రయల్ ఫలితం ఎవరైనా చూపిస్తే మధ్య అంకె దగ్గర ఆగిపోకుండా "రెండేళ్లకి ఎంతమంది?" అని అడగండి. పక్కనే హజార్డ్ రేషియో అని 0.80 లాంటి అంకె ఉంటుంది. కొత్త వైపు మరణం ముప్పు మొత్తం మీద 20% తగ్గిందని దాని భావం. 20% మందికి నయమైందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇమ్యునో మందు ఒక్కటే ఇస్తే పోదా, ఈ కాంబినేషన్ల గోల ఎందుకు అంటే, ఒక్కటిగా ఇచ్చి చూశారు. కీనోట్-158లో వేరే వైద్యాలు అయిపోయిన 104 మందికి పెంబ్రోలిజుమాబ్ మాత్రమే ఇస్తే 5.8% మందిలోనే గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది. ఈ మందులు చేసే పని మన రక్షణ కణాలకి పడ్డ బ్రేక్ తీయడం. బైల్ డక్ట్ గడ్డ చుట్టూ పీచులాంటి కణజాలం గోడలా కట్టుకుని ఉంటుంది, లోపలికి రక్షణ కణాలు రావడమే కష్టం, రాని బండికి బ్రేక్ తీసి ఏం లాభం. కాబట్టి బ్రేక్ తీసే మందుకి ఇంకోటి తోడు కావాలి అని ఆలోచన. కీమోతో క్యాన్సర్ కణాలు చచ్చి వాటి గుర్తులు బయటపడితే రక్షణ కణాలు పసిగడతాయని కీమో కలిపారు. రెండు రకాల బ్రేకులు ఒకేసారి తీద్దామని పైన చెప్పిన నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంట. రక్తనాళాల్ని సరిచేసే మందు కలపడం, కణం లోపలి సంకేతాల్ని ఆపే మాత్ర కలపడం ఇంకో రెండు దారులు.

చెప్పుకోవడానికి ప్రతి దారీ బాగానే ఉంటుంది. ఫలితాలు అలా లేవు. అమెరికాలో బిల్ట్-01 అనే ట్రయల్‌లో ఇంతవరకు వైద్యం మొదలుపెట్టని 75 మందిని తీసుకుని కొందరికి జెమ్-సిస్‌తో నివోలుమాబ్, మిగతావాళ్లకి కీమో లేకుండా నివోలుమాబ్, ఇపిలిముమాబ్ ఇచ్చారు. ఆరు నెలలకి జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు కీమో ఉన్న వైపు 59.4%, కీమో తీసేసిన వైపు 21.2%. "కీమో లేకుండా, జుట్టు ఊడకుండా, కేవలం ఇమ్యునోతో" అని ఎవరైనా మొదటి వైద్యంగా తియ్యగా చెప్తే నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి. అటెజోలిజుమాబ్ అనే ఇంకో ఇమ్యునో మందుకి కోబిమెటినిబ్ అనే మాత్ర కలిపినప్పుడు జబ్బు పెరగకుండా ఆగిన కాలం 1.87 నెలల నుంచి 3.65కి పోయింది. కాగితం మీద దాదాపు రెట్టింపు, మనిషికి లెక్కేస్తే రెండు నెలలు కూడా లేదు, పైగా గడ్డ తగ్గినవాళ్లు రెండు వైపులా వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బింట్రాఫస్ప్ ఆల్ఫా అనే మందు ఒకే అణువుతో రెండు పనులు చేస్తుందని ఎంతో ఊరించింది. 2021లో కీమోతో కలిపి జరుగుతున్న దాని ట్రయల్‌ని, ఇక గెలిచే సూచన లేదని మధ్యలోనే ఆపేశారు. అలా ఆపేయడం మంచి పనే. ఆపడానికి ఒక స్వతంత్ర కమిటీ కూర్చుని మధ్యమధ్యలో లెక్కలు చూస్తుందా అని మీ ట్రయల్ గురించి కూడా అడగండి.

ఇంకో ఉచ్చు, ఒకే గుంపు ట్రయల్. పక్కన పోల్చడానికి ఎవరూ ఉండరు, అందరికీ కొత్తదే ఇస్తారు, ఫలితం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇమ్యునోది కాదు గానీ ఇదే జబ్బుది. జెమ్-సిస్‌కి నాబ్-పాక్లిటాక్సెల్ అనే మూడో కీమో మందు కలిపి 60 మందికి ఇస్తే సగం మంది 19.2 నెలలు దాటారు. 11.7 పక్కన 19.2 పెట్టి చూసుకుని అందరం పండగ చేసుకునేంత తేడా. తర్వాత అదే కాంబినేషన్‌ని 441 మందితో, పక్కన మామూలు జెమ్-సిస్ గుంపుని పెట్టి చూస్తే 14.0, 12.7 నెలలు వచ్చాయి, ఆ తేడా కూడా యాదృచ్ఛికం కాదని చెప్పలేనంత చిన్నది. మందు మారలేదు. మొదటిసారి చేరినవాళ్లు కాస్త గట్టి మనుషులై ఉంటారు, అంతే. చారు బాగుందంటే ఇంగువ వల్లో మిరియాల వల్లో తెలియాలంటే ఇంగువ వేయని గిన్నె ఒకటి పక్కన ఉండాలి కదా.

అందుకని ఫేజ్ ఎంత అని అడిగి, దాన్ని బట్టి ఆశ పెట్టుకోండి. ఫేజ్ 1 అంటే ఎంత డోసు తట్టుకుంటారో చూడటం, అక్కడ మీకు లాభం కలగొచ్చు గానీ ట్రయల్ ఉద్దేశం అది కాదు. ఫేజ్ 2 అంటే ఆశ ఉందా లేదా చూడటం. ఫేజ్ 3 అంటే ఇప్పుడున్న వైద్యాన్ని ఓడిస్తుందా అని తేల్చడం, అక్కడ ఏ గుంపులో పడతారో కంప్యూటర్ చీటీ వేస్తుంది, డాక్టర్ చేతిలో కూడా ఉండదు, ఎమ్మెల్యే చేత ఫోన్ చేయించినా మారదు.

ఇక మన ఇళ్లలో అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చెప్పాలి. కళ్లు పచ్చబడగానే పసరు మందు. మా బాబాయికి మూడు వారాలు ఆకు పసరు, చప్పిడి తిండి, దాంతో ఆరు కిలోలు తగ్గారు. స్కాన్ తీయించేసరికి గొట్టం మూసుకుపోయి ఉంది. ట్రయల్‌లో చేరాలంటే బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల కొలత) ఒక గీత కిందికి దిగాలి, మనిషి తన పనులు తాను చేసుకునేంత ఓపికతో ఉండాలి. ఆయనకి స్టెంట్ (మూసుకున్న గొట్టాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశాక కూడా బిలిరుబిన్ దిగడానికి చాలా వారాలు పట్టింది, ఈలోపు ఆ ట్రయల్‌లో సీట్లు అయిపోయాయి. కాబట్టి కామెర్లు ఉంటే ముందు ఆ గొట్టం పని చూడండి, ట్రయల్ వెతుకులాట దాని పక్కనే నడవనివ్వండి, ట్రయల్ కోసం ఎదురుచూస్తూ అందుబాటులో ఉన్న కీమోని మాత్రం వారాల తరబడి వాయిదా వేయొద్దు. వాడిన పసరు, చూర్ణం, హోమియో ఏదైనా సరే ట్రయల్ డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. లివర్ రిపోర్టు పాడైతే అది కొత్త మందు వల్లో దాని వల్లో తేలాలి. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివి, అవయవ మార్పిడి, హెపటైటిస్ బి, రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్ర, ఇవి ఉన్నాయా అనేది కూడా ఇమ్యునో ట్రయల్స్‌లో తప్పకుండా అడుగుతారు.

కాగితాల సంగతి. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌కీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలి. ఆ నంబరు అడిగి ఫోన్‌లోనే వెతకండి, ఏ ఊళ్లో ఏ ఆసుపత్రిలో జరుగుతోందో, ఎంతమందిని తీసుకుంటారో అందులో కనిపిస్తుంది. నంబరు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. అమెరికాలో ఉన్న చుట్టాలు క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ లింకులు వాట్సాప్‌లో గుప్పిస్తారు, ప్రేమతోనే, కానీ అక్కడ చేరడమంటే నెలల తరబడి అక్కడే ఉండి స్కాన్లు, రక్తపరీక్షలు చేయించుకోవడం. ఆ లింకు పంపే చుట్టానికి ఇంకా పనికొచ్చే పని ఒకటి అప్పజెప్పండి, ఆ మందు మీద ఇంతకుముందు వచ్చిన ఫలితాలు వెతికి తెలుగులో రెండు ముక్కలు రాసి పంపమనండి.

కన్సెంట్ ఫారం, అంటే మీరు సంతకం పెట్టే ఒప్పుకోలు కాగితం, తెలుగులో అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఇంటికి తెచ్చుకుని చదవండి. చదువు రాని పెద్దవాళ్లయితే సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. మన దేశంలో ట్రయల్స్‌కి వర్తించే 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఇక్కడ ఒక మెలిక ఉంటుంది, డబ్బు సంగతి. కొత్త మందు ఉచితం అన్నారు సరే, జెమ్-సిస్ ఎవరు కొంటారు? స్కాన్లు? స్టెంట్ మార్చాల్సి వస్తే? ఊరి నుంచి రానుపోను ఖర్చులు? ఒక్కొక్కటీ విడివిడిగా అడిగి ఫారంలో ఏ పేజీలో రాసుందో వేలుపెట్టి చూపించమనండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు, మానుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్‌లో పేషెంట్ల హక్కులు కాపాడే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఫారంలోనే ఉంటుంది, దాన్ని సేవ్ చేసుకోండి.

చేరాక ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సింది ఎక్కువ. టోపాజ్-1లో తీవ్రమైన ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం, అంటే నీరసం, రక్తకణాలు పడిపోవడం లాంటివి ఎక్కువగా కీమోవే. ఇమ్యునో మందువి తక్కువమందికే వస్తాయి, కానీ అవి వేరే జాతి. బ్రేక్ తీసిన కణాలు మన అవయవాల మీదే పడతాయి: రోజుకి ఐదారు విరేచనాలు, ఆగని దగ్గు ఆయాసం, లివర్ అంకెలు పెరగడం, థైరాయిడ్, ఎప్పుడూ లేని షుగర్ ఒక్కసారిగా రావడం. మందు ఆపిన నెలల తర్వాత కూడా రావొచ్చు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర విరేచనాలకి మాత్ర వేయించుకుని ఊరుకోవడం ఇక్కడ ప్రమాదం, ఈ రకం విరేచనాలకి వేసేది స్టెరాయిడ్, అదీ త్వరగా. ఏ ఆసుపత్రికి వెళ్లినా "ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నారు" అని మొదటి మాటగా చెప్పండి, పర్సులో చీటీ పెట్టండి. స్టెంట్ ఉన్నవాళ్లకి చలితో జ్వరం వస్తే అర్ధరాత్రైనా బయల్దేరాల్సిందే, గొట్టం మూసుకుని చీము పడితే గంటల్లో మనిషి దిగజారతాడు.

స్కాన్ల దగ్గర ఇంకో టెన్షన్. పెద్ద గడ్డల కొలతలు కూడి, 30% తగ్గితే తగ్గినట్టు, 20% పెరిగితే పెరిగినట్టు లెక్క, మధ్యలో ఉంటే నిలకడ. ఇమ్యునోలో ఒక్కోసారి రక్షణ కణాలు చేరి గడ్డ ఉబ్బి పెద్దదిగా కనిపిస్తుంది, అందుకే కొన్ని ట్రయల్స్‌లో నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఇంకో స్కాన్ తీసి నిర్ధారిస్తారు. అలా జరిగేది తక్కువమందికే, మనిషి రోజురోజుకీ నీరసిస్తుంటే అది ఉబ్బు కాదు. సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, కామెర్లు వస్తే చాలు అది పెరిగిపోతుంది.

చివరగా, మందు పని చేస్తోంది, ట్రయల్ మాత్రం ముగిసింది, అప్పుడేంటి? మిగతా మందులేవీ లేని పరిస్థితిలో, పేషెంట్‌కి లాభం కనిపిస్తోందని డాక్టర్, ఎథిక్స్ కమిటీ అంటే, ట్రయల్ తర్వాత కూడా ఆ మందు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు 2019 నిబంధనల్లో ఉంది. ఎవరూ తమంతట తాము చెప్పరు. చేరిన రోజునే అడగండి, జవాబు కాగితం మీద తీసుకుని ఫైల్‌లో కన్సెంట్ ఫారం వెనకాలే పెట్టుకోండి.